అపక్వాహారం తీసుకొనేవారికి తిండి యావ ఎందుకు కలుగుతుంది?

గత కొన్నేళ్లుగా మా వైద్యశాలకు వచ్చేవారిలో ఒక కొత్త తరగతి బయలుదేరింది. వీరిలో చాలామందికి చెప్పుకోదగిన పెద్ద రోగమేదీ ఉండదు. బరువు తగ్గుదామనో, మధుమేహం అదుపులోకి వస్తుందనో, మోకాళ్ల నొప్పులు పోతాయనో వండని ఆహారం మొదలుపెట్టి ఉంటారు. ఉదయం కూరగాయల రసం, మధ్యాహ్నం మొలకెత్తిన పెసలు, పచ్చికూరల ముక్కలు, కొబ్బరి, రాత్రికి పండ్లు. మొదటి పది పదిహేను రోజులు శరీరం తేలికపడి, మలబద్ధం వదలి, ముఖం తేటపడి ఉత్సాహంగా ఉంటారు. ఆ తరువాత ఒక రాత్రి వంటింటిలోనికి వెళ్లి, దీపమైనా వేయకుండా, గిన్నెలో మిగిలిన అన్నంలో ఆవకాయ కలుపుకొని నిలబడే తినివేస్తారు. మరునాడు పశ్చాత్తాపంతో ఉపవాసం. దాని మరునాటి రాత్రి మళ్లీ అదే కథ. ఈ సంగతి నాతో చెప్పేటప్పుడు వారి గొంతు దొంగతనం ఒప్పుకొనేవారి గొంతులా ఉంటుంది. "నాకు మనోనిగ్రహం బొత్తిగా లేదండి" అంటారు.

నా అభిప్రాయం వేరు. వీరిలో అనేకులకు నిగ్రహం లేకపోవడం కాదు, ఆపకూడని దానిని ఆపడంలో నిగ్రహమంతా ఖర్చయిపోవడమే అసలు చిక్కు.

మొన్న వేసవిలో వచ్చిన ఒక ఇల్లాలి సంగతి చెబుతాను. వయస్సు ఏభై దాటింది. ముప్పై ఏళ్లపాటు ఏడుగురికి వండిపెట్టిన చేయి. అత్తమామలు కాలం చేశారు, ఆడపడుచుల పెళ్లిళ్లయ్యాయి, ఆఖరుకు ఉన్న ఒక్క కూతురినీ అత్తవారింటికి పంపి, ఆమె బెంగుళూరులో కాపురం పెట్టాక తాను అపక్వాహారం మొదలుపెట్టింది. పొయ్యి వెలిగించే పని తప్పింది. భర్తకు హోటలు నుంచి క్యారేజీ. నాలుగు నెలలలో ఆరు కిలోలు తగ్గి, తరువాతి రెండు నెలలలో ఎనిమిది కిలోలు పెరిగింది. పాలకొల్లు మినపరొట్టె సంగతి ఈ ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు గదా. ఆవిడ భర్తకు తెలియకుండా దానిని పొట్లం కట్టించి తెప్పించుకొని, చెరకు పానకంతో పెరటి అరుగు మీద కూర్చుని తినేది. "అమ్మా, ఇది రోజూ జరుగుతుందా, కొన్ని రోజులలోనేనా?" అని అడిగాను. కొన్ని రోజులలోనే అన్నది. ఏ రోజులలో అని అడిగితే చాలాసేపు ఆలోచించి, "పిల్ల దగ్గరనుంచి ఫోను రాని రోజులలోనండి" అన్నది. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకే ఆశ్చర్యం కలిగింది.

చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం వేగాలను గురించి చెబుతుంది. వేగమంటే శరీరంలోగాని మనస్సులోగాని తనంతట పుట్టే ప్రేరణ. శరీరానికి సంబంధించి ఆపకూడని వేగాలు పదమూడు అని ఆచార్యుడు లెక్క చెప్పాడు. మలమూత్రాలు, తుమ్ము, త్రేనుపు, ఆవులింత, వాంతి, నిద్ర మొదలైనవి అందరూ ఊహించగలిగినవే. కాని ఆ వరుసలో ఆకలి ఉన్నది, దప్పిక ఉన్నది, కన్నీరు కూడా ఉన్నది. అదే అధ్యాయంలో ఆపి తీరవలసిన వేగాలను వేరే చెప్పాడు. మనస్సుకు సంబంధించిన వాటిలో లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య, అతిరాగం మొదలైనవి ఈ పట్టికలోనివి. పాఠకులు ఒక్క క్షణం ఇక్కడ ఆగవలెను. ఆకలిని ఆపవద్దు, లోభాన్ని ఆపుము. శోకాన్ని అదుపులో ఉంచుము, కన్నీటిని మాత్రం ఆపవద్దు. రాత్రివేళ వంటింటిలో నిలబడి తినేవారు పగలంతా ఆకలిని ఆపినవారో, కన్నీటిని ఆపినవారో అయి ఉంటారు. తాము లోభానికి లొంగిపోయామని మాత్రం కుమిలిపోతారు.

మొదట ఆకలి సంగతి చూద్దాం. ఆకలిని ఆపినందువల్ల కృశించుట, నీరసం, ఒంటి రంగు మారుట, ఒళ్లునొప్పులు, అన్నమంటే అరుచి, తల తిరుగుట కలుగుతాయని ఆ గ్రంథం చెబుతుంది. దానికి చికిత్స ఏమిటి? కొంచెం నెయ్యితో కూడినదీ, వేడిగా ఉన్నదీ, తేలికగా అరిగేదీ అయిన భోజనం. అపక్వాహారపు పళ్లెంలో సాధారణంగా ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. అది చల్లనిది, రూక్షం. కాయకూరల పీచు, నానిన గింజలు మందమైన జఠరాగ్నికి తేలికైనవి కావు. కడుపు నిండుతుంది గాని ఆకలి తీరినట్లుండదు. పొట్ట ఉబ్బరించి, త్రేనుపులు వస్తూ ఉండగానే లోపల ఎక్కడో ఆకలి మిగిలి ఉంటుంది. ఆ మిగిలిన ఆకలే రాత్రి పదిగంటలకు లేచి కూర్చుంటుంది.

ఈ ప్రయోగం మన గోదావరి తీరానికి కొత్తది కాదు. 1929లో గాంధీ మహాత్ముడు ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశంలో పర్యటించినప్పుడు, రాజమహేంద్రవరంలో ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న సుందరం గోపాలరావుగారు ఆయనకు నిప్పు సోకని ఆహారాన్ని గురించి బోధించారు. గాంధీగారు ఆ ఏడాది మే నెలలో ప్రారంభించి, జూన్‌లో 'యంగ్ ఇండియా' పత్రికలో తన దినాహారం ఇదీ అని లెక్కతో సహా ప్రకటించారు. మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, నూరిన బాదంపప్పు 8 తులాలు, దంచిన ఆకుకూర 8 తులాలు, ఆరు నిమ్మకాయలు, రెండు ఔన్సుల తేనె. ఎనిమిది తులాలంటే సుమారు 93 గ్రాములు. నేటి లెక్కలో చూస్తే మొత్తం వెయ్యి, పదకొండువందల కాలరీలకు మించదని నా అంచనా. అంతటి నిగ్రహవంతుడు, కోరికను జయించడమే జీవితలక్ష్యంగా పెట్టుకొన్నవాడు, ఆ ఆహారం మీద మూడు నెలలు నిలిచాడు. ఆగస్టు నాటికి జిగటవిరేచనాలు పట్టుకొని, నీరసించి, మేకపాలకు తిరిగి వచ్చాడు. ఆ సంగతి దాచుకోలేదు, పత్రికలోనే వ్రాశాడు. అంతకుముందు 1893లో ప్రిటోరియాలో ఉన్నప్పుడు ఇటువంటిదే ఒక ప్రయోగం చేసి కొద్దిరోజులలో విరమించుకొన్నాడు కూడా. ఆయనకు మనోనిగ్రహం లేదని ఎవరైనా అనగలరా? ఒక వైద్యుడిగా నాకు తోచేది, గ్రీష్మంలో మొదలుపెట్టినది వర్షఋతువులోనికి వచ్చేసరికి నిలువలేకపోయిందని. వానలలో జఠరాగ్ని మందగిస్తుందని, నీరు చెడుతుందని, ఆ కాలంలో వండినదీ వేడిగా ఉన్నదే తినవలెనని మన ఋతుచర్య చెబుతుంది. కాలువలకు కొత్తనీరు వచ్చిన రోజులలో మన డెల్టా గ్రామాలలో పచ్చి ఆకులు, మొలకలు తినడం ఎంతమాత్రం క్షేమం కాదు.

ఈ తరంలో మంతెన సత్యనారాయణరాజుగారి వంటివారి ఉపన్యాసాల వల్ల మొలకలు, పండ్లు, ఉప్పు తగ్గించిన వంటలు మన ఇళ్లలోనికి వచ్చాయి. నూనెలో తేలే కూరలకు అలవాటుపడిన కోస్తా గృహస్థులకు అది మేలే చేసింది. ఆ ఉపకారాన్ని నేను తక్కువ చేయను. పచ్చి ఆహారం మన సంప్రదాయానికి పరాయిది కూడా కాదు. శ్రీరామనవమికి వడపప్పు, పానకం. నాగులచవితినాడు పొయ్యి వెలిగించకుండా చలిమిడి, చిమ్మిలి, కొబ్బరి తిని ఊరుకొనే కుటుంబాలు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయి. ఆ రోజున ఎవరికైనా రాత్రి ఆవకాయ మీద యావ పుట్టిందని నేను వినలేదు. ఎందువల్ల? అది ఒక్క రోజు. ఇంటిల్లిపాదీ కలిసి అదే తింటారు. పైగా ఆ తిండిలో నువ్వులున్నాయి, బెల్లమున్నది, స్నిగ్ధత ఉన్నది. ఒక్కరే ఒక మూల కూర్చుని చప్పని కేరట్ ముక్కలు నములుతూ, పక్కగదిలో తక్కినవారు పప్పులో నెయ్యి వేసుకొంటున్న వాసన పీల్చడం వేరు.

ఆవకాయే ఎందుకు గుర్తుకు వస్తుంది అనేది కూడ ఆలోచించదగిన విషయం. పచ్చికూరల పళ్లెంలో తీపి, వగరు, కొంచెం చేదు ఉంటాయి. పులుపు, ఉప్పు, కారం ఉండవు, నూనె ఉండదు. ఆవకాయలో సరిగా ఈ నాలుగే ఉన్నాయి! షడ్రసాలలో సగం కాజేసి, జిహ్వ ఊరుకోలేదని దానిని తిట్టడం న్యాయం కాదు. కాబట్టి పచ్చికూర తినేవారు అందులో నిమ్మరసం పిండుకోవలెను. చిటికెడు ఆవపిండి, చిటికెడు సైంధవలవణం, ఒక చెంచా నువ్వులనూనె కలుపుకోవలెను. రక్తపుపోటు ఉన్నవారు లవణం విషయంలో తమ వైద్యుని మాట వినవలెను. భోజనానికి ముందు చిన్న అల్లం ముక్క నమిలితే అగ్ని మేల్కొంటుంది. ఇంతమాత్రం చేసినందువల్లనే రాత్రి యావ సగం తగ్గినవారిని చూశాను.

అది ఆకలో, యావయో తెలుసుకొనడం ఎలాగ? మన పెద్దలు ఆకలి రుచి ఎరుగదన్నారు. ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. రాత్రి తినాలనిపించినప్పుడు, ఉత్త మజ్జిగ అన్నం పెడితే తినగలనా అని తనను తాను ప్రశ్నించుకోవలెను. తినగలననిపిస్తే అది ఆకలి. వెంటనే తినవలెను, పశ్చాత్తాపపడరాదు. మజ్జిగ అన్నం వద్దు, కాజాయే కావలెను, మినపరొట్టెయే కావలెను అనిపిస్తే అది ఆకలి కాదు. ఆకలి అయితే అప్పటికప్పుడు చేసుకోదగినది జావ. గుప్పెడు పాతబియ్యం దోరగా వేయించి, కచ్చాపచ్చాగా దంచి, పదునాలుగు రెట్ల నీటిలో మెత్తగా ఉడికించి, శొంఠిపొడి, కొంచెం సైంధవలవణం, అరచెంచా నెయ్యి వేసి వేడిగా త్రాగవలెను. అరగంటలో నిద్ర వస్తుంది.

మధుమేహానికి మాత్రలుగాని, ఇన్సులిన్ గాని వాడుతూ పచ్చి ఆహారం తినేవారు మాత్రం ఈ పరీక్షలతో కాలయాపన చేయరాదు. అకస్మాత్తుగా ఆకలి, చెమటలు, చేతుల వణుకు, గుండెదడ కలిగితే అది రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చు. వెంటనే పంచదార నీళ్లు త్రాగి, మందుల మోతాదు విషయం మరునాడే వైద్యునితో మాట్లాడవలెను. ఆహారం మార్చేటప్పుడు మందు మార్చకపోతే ప్రమాదం.

ఇక కన్నీటి సంగతి. కన్నీటిని ఆపితే పీనసం, నేత్రరోగాలు, గుండెజబ్బు, అరుచి, తలతిరుగుడు అని చరకుడు చెప్పాడు. దానికి చికిత్సగా మూడు చెప్పాడు. నిద్ర, మద్యం, ప్రీతికరమైన మాటలు. రెండవదాని జోలికి నేను పోను, పాఠకులూ పోవద్దు. మొదటిదీ మూడవదీ చాలు. అందులో భోజనం లేదు, గమనించారా? దుఃఖానికి తిండి మందు అని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు. సరిగదా, పథ్యమైన అన్నం మితంగా తిన్నప్పటికీ చింత, శోకం, భయం, క్రోధం ఉన్నప్పుడు అది జీర్ణం కాదని విమానస్థానంలో స్పష్టంగా ఉన్నది. అయినా మనుష్యులు దుఃఖం వస్తే తింటారు. ఎందుకంటే పుట్టిననాటి నుంచి ఏడ్చిన బిడ్డ నోటికి ఏదో ఒకటి అందించడమే మనకు తెలిసిన ఓదార్పు. ఆ ఇల్లాలు ముప్పై ఏళ్లపాటు ఇంట్లోవారిని ప్రేమించిన పద్ధతి కూడా అదే, వండి పెట్టడం. పొయ్యి ఆర్పివేసిననాడు ఆమె తన ఆహారాన్నే కాదు, తన భాషనే వదులుకొన్నది. పచ్చి ఆహారంలోని దోషం కాదది. దానికి ఎంచుకొన్న సమయంలోని దోషం. ఇంట్లో ఎడబాటు, మరణం, ఉద్యోగ విరమణ వంటివి జరిగిన ఆరునెలలలోపల ఎవరూ కఠిన పథ్యం మొదలుపెట్టరాదని నేను ఇప్పుడు నిక్కచ్చిగా చెబుతున్నాను.

లోభం లేనేలేదని నేననడం లేదు. కడుపు నిండి, మనస్సు కుదుటపడి ఉండగా కూడా టీవీ ముందు కూర్చుని డబ్బా ఖాళీ చేసేవారు ఉన్నారు. అక్కడ నిగ్రహమే మందు. తినుబండారాలు ఇంట్లో నిలువ ఉంచకపోవడం, తినదలచినదానిని పళ్లెంలో పెట్టుకొని కూర్చుని తినడం, అంతకుమించి ఉపాయాలు అక్కరలేదు.

కాని ఏది లోభమో నిర్ణయించడంలో వైద్యుడు కూడా పొరబడతాడు. నేనే పొరబడ్డాను. వైద్యవృత్తిలోనికి వచ్చిన తొలిరోజులలో ఒక యువతిని తల్లి నా వద్దకు తీసుకొనివచ్చింది. ఆ పిల్ల దోసెడు దోసెడు పచ్చిబియ్యం నమిలేది, బలపాలు కొరికేది. జిహ్వచాపల్యమని కోప్పడి, పదిమందిలో సిగ్గుపడేటట్లు మాట్లాడి పంపాను. ఏడాది తరువాత ఆమె ప్రసవసమయంలో రక్తం చాలక ప్రాణాపాయస్థితికి వెళ్లి బయటపడిందని తెలిసింది. మట్టి తినడం, పాండురోగం ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉంటాయని గురుకులంలో కంఠస్థం చేసినవాణ్ణే. గ్రంథంలో మట్టి అని ఉంటే బియ్యం దగ్గర దానిని గుర్తించలేకపోయాను. పచ్చిబియ్యం, సుద్ద, మట్టి, మంచుగడ్డలు తినాలన్న కోరిక రక్తంలో ఇనుము లోపించినప్పుడు కలుగుతుందని నేటి వైద్యం కూడ చెబుతున్నది. గర్భవతి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. అందువల్ల ఇటువంటి యావ ఉన్న ఆడపిల్లకు మొదట రక్తపరీక్ష, ఆ తరువాతనే ఉపన్యాసం. గర్భిణి కోరికను సాధ్యమైనంతవరకు తీర్చమన్నదే మన శాస్త్రం. ప్రతి కోరికా అపరాధం కాదు.

మార్చుకొనదలచినవారు ఎలా మార్చుకోవలెను? దీనికి కూడా ఆ ఏడవ అధ్యాయంలోనే దారి ఉన్నది. అలవాటైన అహితాన్ని ఒక్కసారిగా వదలరాదు, పావు పావు వంతున వదలుతూ, ఆ మేరకు హితమైనదానిని పావు పావు వంతున చేర్చుకొనిరావలెను. మధ్యమధ్య ఒకరోజు, రెండురోజులు, మూడురోజులు వ్యవధి ఇవ్వవలెను. దీనిని పాదాంశిక క్రమం అంటారు. ఆ రోజుల లెక్కలో వ్యాఖ్యాతలకు అభిప్రాయభేదాలున్నాయి. నేటివారి అలవాట్లు మొండివి కాబట్టి నేను రోజులను వారాలుగా మార్చి చెబుతాను. ఉదాహరణకు రాత్రి నాలుగు గరిటెల అన్నం తినేవారు మొదటివారం మూడు గరిటెలు తిని, ఒక గరిటెకు బదులు కీరదోస, కొబ్బరికోరు, నానిన పెసరపప్పు కలిపి తినవలెను. రెండువారాలు అక్కడే ఆగి, తరువాత రెండు గరిటెలకు రావలెను. అక్కడ మూడువారాలు ఆగవలెను. అన్నం తిన్న తృప్తి ఉండగానే కొత్తది అలవాటవుతుంది. మధ్యలో ఒక పెళ్లి వచ్చి విందు తిన్నారనుకోండి, మరునాడు ఉపవాసం చేయరాదు. ఏ మెట్టు మీద ఉన్నారో అక్కడినుంచే మళ్లీ నడవవలెను. మరునాటి ఉపవాసమే ఆ మరునాటి రాత్రి వంటింటికి దారితీస్తుంది.

నా అనుభవంలో మన ప్రాంతపు గృహస్థుకు రెండు గరిటెల దగ్గర ఆగిపోవడమే మంచిది. రోజులో ఒక పూట పచ్చిది, ఒక పూట వండినది. పాలు, పెరుగు కూడా మానివేసి కేవలం వండని శాకాహారం మీద సంవత్సరాల తరబడి ఉండేవారికి బి12 విటమిను లోపించి అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరపు రావచ్చు. ఆ విటమిను కాయగూరలలో లభించదు. చిన్నపిల్లలు, బాలింతలు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ పథ్యం జోలికి స్వయంగా పోరాదు. తిన్నదంతా వేలు పెట్టి కక్కివేసే స్థితికి వచ్చినవారిని మానసిక వైద్యునికి చూపవలెను. అందులో నామోషీ ఏమీ లేదు.

ఆ ఇల్లాలికి నేను మందు వ్రాయలేదు. సాయంకాలం ఏడుగంటలకు తానే కూతురికి ఫోను చేయమన్నాను. పిల్ల తీరిక లేదన్న రోజున పక్కింటికి వెళ్లి అరగంట మాట్లాడి రమ్మన్నాను. రాత్రిపూట పొయ్యి వెలిగించి ఇద్దరికీ వేడిగా ఏదో ఒకటి వండమన్నాను. భర్తకు క్యారేజీ మాన్పించమన్నాను. ఉదయం పూట మొలకలు, పండ్లు అలాగే ఉంచాను. మొన్న కార్తీకంలో ఇద్దరూ కలిసి క్షీరారామం దర్శనానికి వచ్చి, దారిలో నన్ను చూసిపోయారు. బరువు మూడు కిలోలే తగ్గింది. మినపరొట్టె మాన్పించారా అని భర్తగారు నన్ను నవ్వుతూ అడిగారు. మాన్పించలేదని, ఆదివారం పొద్దున్న ఇద్దరూ కూర్చుని తినమన్నానని ఆవిడే చెప్పింది.